ఆదివారం స్కోరు

ఆదివారం పొద్దున్న డ్యూటీ ఎక్కగానే నిరుపమ చేసే మొదటి పని పక్కలు సర్దడం కాదు, మందులు అందించడమూ కాదు. పదకొండో నంబరు గదికి వెళ్లి వెర్నర్ గారికి స్కోరు చెప్పడం.

భూమికి దక్షిణపు కొసన, హామిల్టన్ ఊరి చివర ఉన్న ఆ వృద్ధుల రెస్ట్ హోమ్‌లో ఆమె కేర్‌గివర్. చదువుకోవడానికని అమలాపురం నుంచి వచ్చి, చదువు అయ్యాక ఈ పనిలో కుదురుకుని తొమ్మిదేళ్లయింది. భర్త లక్ష్మణరావు, బడికి వెళ్లే కూతురు, బట్టల అలమర ఖాళీ చేసి అమర్చుకున్న దేవుడి మందిరం, అదీ ఆమె సంసారం. పొద్దున్నే దీపం పెట్టకుండా కారు తాళం ముట్టుకోదు.

వెర్నర్ గారికి ఎనభై ఎనిమిదేళ్లు. పాలపొడి ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి జర్మనీ నుంచి ఆరు నెలల పని మీద వచ్చి, ఇక్కడి పిల్లని చేసుకుని ఉండిపోయిన మనిషి. భార్య పోయింది. పిల్లలు లేరు. చూపు మధ్యలో మసకపడి, ఎదుటివాళ్ల భుజాలు, చెవులు తప్ప ముఖం కనపడదు. పుట్టిన దేశంలో ఆయనకి మిగిలిన చుట్టరికం ఒక్కటే. అది ఓబర్‌లిండాఖ్ అనే ద్రాక్షతోటల ఊళ్లో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బు. వయసులో ఉండగా ఆ క్లబ్బుకే ఆడాడు.

టీవీల్లో వచ్చే పెద్ద లీగు కాదది. జర్మనీలో ఫుట్‌బాల్‌కి మెట్లు మెట్లుగా లీగులుంటాయి. పైమెట్టు మీద ఆడేవాళ్లని లోకమంతా చూస్తుంది. ఓబర్‌లిండాఖ్ ఉండేది ఏడో మెట్టు మీద, దాని పేరు లాండెస్‌లీగా. చుట్టుపక్కల జిల్లాల జట్లు తప్ప వేరేవి ఉండవు. ఆడేవాళ్లు వారమంతా కుళాయిలు బాగుచేసేవాళ్లు, బస్సులు నడిపేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు. ఏడాది చివర్లో పట్టికలో మొదట నిలిచిన జట్టు ఒక మెట్టు ఎక్కుతుంది, అడుగునున్నవి ఒక మెట్టు దిగుతాయి. అక్కడ శనివారం మధ్యాహ్నం ఆడిన ఆట ఇక్కడ ఆదివారం పొద్దున్నకి ఫోనులో ఉంటుంది.

ఆయనకి స్కోర్లు చదివిపెట్టే పాత మిత్రుడు కన్నుమూశాక, కిందటి ఆగస్టులో ఆ పని నిరుపమ చేతికి వచ్చింది. ఫోనులో క్లబ్బు పేరు వెతికి, మొదట కనపడిన దాన్ని నొక్కింది.

"అంకుల్, మనవాళ్లు ఎవరితో ఆడారంటే..." అని ఎదుటి జట్టు పేరు చదవబోయి మూడుసార్లు తడబడింది.

"ఆపు తల్లీ, ఆపు!" అన్నాడాయన. "ఆ ఊరివాళ్లు వింటే నీ మీద కేసు పెడతారు. పేర్లు వద్దు. అంకెలు చెప్పు, పట్టికలో ఎన్నోవాళ్లమో చెప్పు. చాలు."

"మూడు, ఒకటి. మనమే గెలిచాం. రెండో స్థానం."

"రెండా? పోయినేడు మెట్టు దిగకుండా చచ్చీ చెడీ బయటపడ్డారే! కొత్త కోచ్ వచ్చుంటాడు, గట్టివాడే. అవునూ, నన్ను అంకుల్ అంటావేం? మీ నాన్నకి తమ్ముణ్ణా నేను?"

"మాలో పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవం, అంకుల్."

"అయితే కానీ. గెలిచినన్నాళ్లూ అలాగే పిలువు."

గెలుస్తూనే వచ్చారు. అక్కడ మంచు కురిసే నెలల్లో ఆటలు ఆగినప్పుడు వెర్నర్ గారు అన్నం సరిగ్గా తినేవాడు కాదు. మార్చిలో మళ్లీ మొదలయ్యేసరికి తిండీ మొదలైంది. ఏప్రిల్‌లో జట్టు మొదటి స్థానానికి చేరింది. నిరుపమకి ఆ ఆట ఒక్క ముక్క తెలియదు. అయినా ఆదివారం దీపం పెట్టినప్పుడు, తన ఇంటివాళ్ల పేర్లు చెప్పుకున్నాక, ఆ ఊరి పేరు కూడా కలిపి చెప్పుకోవడం అలవాటైపోయింది. పరదేశం ఆటగాళ్ల కోసం దేవుణ్ణి అడగొచ్చా అని ఒకసారి అనుమానం వచ్చింది గానీ, అడగకూడదని ఎవరూ చెప్పలేదు కదా అనుకుంది.

జూన్ మొదటి ఆదివారం చివరి ఆట స్కోరు వచ్చింది. కిటికీ అవతల పొగమంచులో కార్ పార్కు కూడా కనపడటం లేదు.

"నాలుగు, ఒకటి," అంది నిరుపమ. "మొదటి స్థానం, అంకుల్."

వెర్నర్ గారు మంచం కమ్మీ మీద అరచేత్తో టపటపా కొట్టాడు. పక్కగది ఆవిడ గోడకవతల నుంచి కోప్పడింది.

"కోప్పడనీ! ఇవాళ మూడింటికి టీ దగ్గర అందరికీ నేనే చెబుతాను. వంటగదిలో కేకు చేయమను. ముందు క్లబ్బుకి ఉత్తరం రాసుకో." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఓబర్‌లిండాఖ్ మొదటి జట్టుకి. మీరు లాండెస్‌లీగా దాటి పైమెట్టు ఎక్కినందుకు, భూమికి ఈ చివర నుంచి మీ పాత ఆటగాడు టోపీ తీసి నిలబడ్డాడు. రాశావా?"

"మీకు టోపీ లేదుగా, అంకుల్."

"నిలబడనూ లేను. అయినా రాయి."

పదింటికి స్టాఫ్ గదిలో టీ పెట్టుకుని, ఉత్తరం పంపేముందు నిరుపమ ఆ పట్టిక మరోసారి తెరిచింది. పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి ఆయన గోడకి అంటిద్దామని ఆమె ఆలోచన. అప్పుడు కనపడింది, క్లబ్బు పేరు పక్కన చిన్న చుక్క గుర్తు. పట్టిక అడుగున దానికి జర్మన్‌లో ఒక వాక్యం. ఫోను చేతే అనువాదం చేయించింది.

'మొదటి జట్టు లాండెస్‌లీగా నుంచి కిందకి దిగినందున, ఈ జట్టుకి పైకి వెళ్లే హక్కు లేదు.'

మొదటి జట్టు కిందకి దిగితే, మరి ఇదేమిటి? వెనక్కి వెళ్లి వెతికితే అదే పేరుతో ఇంకో పట్టిక వచ్చింది. అందులో ఓబర్‌లిండాఖ్ కింద నుంచి రెండో స్థానంలో ఉంది. టీ చల్లారిపోయింది గానీ సంగతి అర్థమైంది. క్లబ్బుకి జట్లు రెండు. వెర్నర్ గారు అడిగింది ఏడో మెట్టు మీద ఆడే మొదటి జట్టు గురించి. తను తొమ్మిది నెలలు చదివింది తొమ్మిదో మెట్టు మీద ఆడే రెండో జట్టు స్కోర్లు. మొదటిది ఓడి ఎనిమిదో మెట్టుకి దిగింది. రెండోది గెలిచి ఆ ఎనిమిదికే ఎక్కాలి. ఒకే క్లబ్బు జట్లు రెండూ ఒకే మెట్టు మీద ఉండకూడదట. అందుకని గెలిచినవాళ్లు గెలిచి కూడా ఉన్నచోటే ఉండాలి.

నర్సు ఇంద్రావతి లోపలికి వచ్చింది. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తాతముత్తాతలది విజయనగరం వైపు. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు.

"ఏమయింది అమ్మాయ్? ఫేస్ అట్లా పెట్టినావ్?"

నిరుపమ చెప్పింది. ఇంద్రావతి కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"రాంగ్ టీమ్? నైన్ మంత్స్? హే భగవాన్!"

"నవ్వకండి ఆంటీ. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు. ఓల్డ్ మాన్ హ్యాపీ, తింటాడు, బీపీ కంట్రోల్. ఉత్తరం పంపొద్దు, పంపినా అని చెప్పు. ఎవరికి లాస్?"

"అది అబద్ధం కదా."

"ఇన్ని రోజులు చెప్పింది ఏంటి మరి?"

"అది పొరపాటు, ఆంటీ. నాకూ తెలీదుగా."

ఇంద్రావతి భుజాలెగరేసి, "నీ ఇష్టం. చెప్తే టీ అయినాక చెప్పు, కేక్ అన్నా తిననీ," అని మందుల బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

నిరుపమ రెండు గదుల్లో దుప్పట్లు మార్చింది. పదింటి దాకా చెప్పింది పొరపాటే. ఇక మీదట మాట్లాడకుండా ఊరుకున్నా అది అబద్ధమే. ఆ రెంటి మధ్యా ఉన్నది ఒక కప్పు టీ తాగేంత సేపు. కానీ నిజం చెప్పి ముసలాయన్ని ఏడిపించడం ఆయన మంచి కోసమా, రేపు దీపం ముందు తను నిలబడగలగడం కోసమా? ఎంత ఆలోచించినా తేలలేదు. తేలేదాకా ఆగితే మూడవుతుంది, ఆయన అందరి ముందూ నవ్వులపాలవుతాడు. ఆ సంగతి మాత్రం తేలికగానే తెలిసింది. దుప్పటి మూల సర్ది, పదకొండో నంబరు గదికి వెళ్లింది.

కూర్చోకుండా నిలబడే చెప్పింది. పొరపాటు తనదేనంది. చెబుతున్నంతసేపూ వెర్నర్ గారు ఆమె చెవివైపు చూశాడు.

"ఎన్ని పాయింట్ల తేడాలో పోయింది?"

"రెండు, అంకుల్."

"ఇంకొక్క గెలుపు ఉంటే నిలబడేవాళ్లు." ఆయన గోడవైపు తిరిగాడు. "వెళ్లు. ఇంకెవరినైనా పంపు."

భోజనం ఇంకొకరు తీసుకెళ్లారు. ఆయన ముట్టలేదని ఇంద్రావతి వచ్చి చెప్పింది, నేను చెప్పలేదా అన్న మాట నోటితో అనకుండానే.

మూడింటికి హాలులో కేకు కోశారు. వెర్నర్ గారు రాడనుకుంది నిరుపమ. చక్రాల కుర్చీలో వచ్చాడు, ఉతికిన చొక్కా తొడిగించుకుని మరీ.

"మా ఊరి జట్టు," అన్నాడు గట్టిగా, "మెట్టు దిగిపోయింది."

హాలులో ఉన్న పద్దెనిమిదిమందీ చప్పట్లు కొట్టారు. ఎక్కడమైనా దిగడమైనా వాళ్లకి ఒకటే, కేకు వచ్చింది. ముందు వరసలో ఒకాయన "కంగ్రాట్స్, మేట్!" అని కూడా అరిచాడు. వెర్నర్ గారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత ఆయన పొట్ట అదరడం మొదలైంది. నవ్వుతున్నాడని తెలియడానికి నిరుపమకి కాస్త సమయం పట్టింది.

చేయి ఊపి ఆమెని పిలిచాడు.

"ఆ ఉత్తరం పంపావా?"

"లేదు, అంకుల్."

"ఆ రెండో జట్టు. మొత్తం ఎన్ని ఆటలు?"

ఫోను చూసి చెప్పింది. "ముప్ఫై. గెలిచినవి ఇరవై మూడు."

"అన్నీ చదివావు కదూ?"

"మీ దగ్గర చదవనిది ఒక్కటీ లేదు."

"తొమ్మిదో మెట్టు ఆటకి చూడ్డానికి ఎవరొస్తారో తెలుసా? ఆడేవాళ్ల పెళ్లాలు. వాన పడితే వాళ్లూ రారు." ఆయన పళ్లెంలో కేకు ముక్కని వేళ్లతో తడిమి చూసుకున్నాడు. "నేను ముప్ఫైకి ముప్ఫై విన్నాను. కోచ్‌కి తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ ఆ లెక్క తెలిసుండదు. అలాంటివాళ్లని తీరా ఇప్పుడు వదిలేస్తే బాగుంటుందా?"

ఆయన అడిగింది తననని నిరుపమకి అనిపించలేదు.

"మొదటి జట్టుకి అని రాశావే, అది కొట్టేయ్. రెండో జట్టుకి అని పెట్టు. మీరు మొదట వచ్చారు. పైకి వెళ్లలేకపోవడం మీ తప్పు కాదు, మొదటి జట్టుది. ప్రతి ఆదివారం మీ స్కోరు విన్నాను. రాశావా? చదువు."

చదివింది.

"టోపీ సంగతి ఉందా?"

"తీసేయనా, అంకుల్?"

"ఉండనీ," అని కేకు నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె ఉత్తరం పంపించింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు.