నీడవల కింద జిన్నియాలు

డ్రమ్ములో మోచేతిదాకా ముంచి చూశాడు మౌలాలి. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి. సౌదీలోని జుబైల్‌లో ఆగస్టు నెలలో మిద్దె మీది ట్యాంకు పగలంతా కాగుతుంది, రాత్రి కూడా చల్లారదు. పైపు నేరుగా మొక్కకు పెడితే వేళ్ళు ఉడికిపోతాయి. అందుకే ముందురోజు సాయంత్రమే నీళ్ళు డ్రమ్ముకు పట్టి, ఎండ ఆపే నీడవల కింద ఉంచి, తెల్లారాక మగ్గుతో ఒక్కొక్క మొక్క మొదట్లో పోస్తాడు. ఆకు మీద చుక్క పడనివ్వడు.

పొట్టి మనిషి. మెడ వెనక చర్మం ఎండి గళ్ళుగళ్ళుగా చీలింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో కత్తెర పడి రెండుగా పెరిగింది, ఆ నొక్కులో మట్టి పోదు. ప్రహరీ గోడ వెంబడి బెండ, అలసంద తీగ, ఒక మూల గోంగూర. మధ్యలో నల్లటి నీడవల కింద జిన్నియాలు, బొగడబంతి. ఈ వీధిలో ఇంకే ఇంటిలోనూ ఈ నెలలో పువ్వన్నది లేదు. ఆ సంగతి అతనికి తెలుసు. రోజూ చెత్త పారేయడానికి వెళ్ళినప్పుడు పక్కిళ్ళ గేటు సందుల్లోంచి తొంగిచూసి మరీ తెలుసుకుంటాడు.

పూలు కోయడం మొదలుపెట్టాడు. జిన్నియా కాడను సగంలో పట్టుకుని మెల్లగా ఆడించాలి. తల వాలిపోతే ఇంకా కాడ ముదరలేదని వదిలేయాలి. నిటారుగా నిలబడితే కత్తెర వేసి, కింది ఆకులు దూసి, వెంటనే బకెట్లో పెట్టాలి.

వంటింటి కిటికీ తెరుచుకుంది. సాబేరా. ఆమెదీ రాయచోటే, అతని వీధికి నాలుగు సందుల అవతల. ఈ ఇంట్లో వంట చేస్తుంది. ఇంటివాళ్ళు మధ్యాహ్నం విమానానికి నెలరోజులు విదేశం పోతున్నారు. వంట పని ఉండదు కాబట్టి ఆమెకూ సెలవు దొరికింది. సాయంత్రం ఆమె ప్రయాణం.

"ఏంన్నా, ఇంట్లో అందరూ ఈ పొద్దు పోతాంటే ఎవురికి కోస్తాండావు పూలు?"

"మజ్లిస్‌లోకి." అతిథులు కూర్చునే హాలువైపు గడ్డం చూపించాడు.

"మజ్లిస్‌లో ఎవురుంటారు, ఏసీ మిషన్లా?"

"గమ్మునుండు."

"నీ పూలకి నువ్వే యజమానివి, కఫీల్‌వన్నా. ఒక్కోదానికీ ఈ దేశంలో ఉండేదానికి ఇఖామా గూడా కొట్టియ్యి." ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "వదినె ఫోన్ చేసిందా?" అంది.

అతను జవాబు చెప్పే లోపలే జేబులో ఫోన్ మోగింది. వీడియో కాల్. అవతల మరదలు ఫోన్ పట్టుకుని, ఖాదర్‌బీ ముఖానికి దగ్గరగా పెట్టింది. కిడ్నీలు చెడి ఏడాదైంది. వారానికి రెండుసార్లు కడపకు తీసుకుపోయి రక్తం కడిగిస్తున్నారు. ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి. ఆ ముఖంలో తన భార్యను వెతుక్కోవాల్సి రావడం మౌలాలికి నచ్చదు.

"తిన్యావా?" అంది ఆమె.

"తిన్యా. ఇదో, ఈ పూలు చూడు." అతను ఫోన్ తిప్పేశాడు. ఎర్రవి, నారింజవి, తెల్లవి, బకెట్ నిండా. "ఇంత ఎండలో ఎవురూ పూయించల్యా. నేనొక్కణ్ణే."

"బాగుండాయి." ఆయాసంతో కొంచెం ఆగింది. "పూలు చూసినాలే. నీ మొగం చూపీ."

"ఎండ పడతాంది, కనపడదు."

"ఒకసారి వచ్చి పోరాదా? నిన్న డాక్టరు మా చెల్లెలితో ఏందో చెప్పినాడు, అది నాకు చెప్పల్యా."

"కఫీల్ ఇడిచిపెట్టల్యా, చెప్తి గదా."

"మళ్ళా ఒకసారి అడుగు."

"అడుగుతాలే." అతను ఫోన్ కట్ చేసి జేబులో వేసుకున్నాడు. కత్తెర తీసుకుని తర్వాతి కాడను ఆడించి చూశాడు. తల వాలలేదు.

కిటికీలో సాబేరా ఇంకా నిలబడే ఉంది.

ఆమె లోపలికి వెళ్ళింది. యజమానికి కాఫీ పట్టుకుపోయింది. కాసేపటికి ఆయనే తోటలోకి వచ్చాడు. ఇంట్లో పనివాళ్ళంతా ఆయన్ని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తారు. తెల్లటి పొడుగాటి థోబ్ అంచు మట్టికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"మౌలాలి, బీవీ మరీద్? మేరేకో క్యోం నై బోలా?"

మౌలాలి బకెట్ కింద పెట్టాడు. ఆయన వెనక గుమ్మంలో సాబేరా నిలబడి ఉంది. ఆమె కళ్ళలో సంతోషం ఉంది, అది చూసి అతనికి ఒళ్ళు మండింది.

భార్యకు బాగాలేకపోతే చెప్పకుండా ఎందుకున్నావని ఆయన తన వచ్చీరాని హిందీలో మందలించాడు. ఊరికి పోయి తిరిగి రావడానికి వీసా ఫోన్‌లోనే ఐపోతుంది, ఐదు నిమిషాల పని. సాబేరా పోయే విమానంలోనే టికెట్ చూస్తాను, సాయంత్రం ఇద్దరూ కలిసి పోండి అన్నాడు.

"తోట, బాబా," అన్నాడు మౌలాలి. "నీళ్ళు ఎవరు పోస్తారు?"

ఆయన తోటవైపు చూశాడు. చూసి, భుజాలు ఎగరేశాడు. "ఎండనీ. మామా ఎలాగూ ఇక్కడ ప్లాస్టిక్ గడ్డి వేయిద్దామంటోంది."

మౌలాలి చెవుల్లో ఏదో గుయ్యిమంది. ఈ నీడవల, ఈ డ్రమ్ము, మోచేతితో చూసిన నీళ్ళు, అన్నీ ఆయన నోట్లో ఎంత తేలిగ్గా ఎండిపోయాయో! "ఇప్పుడు కాదు, బాబా," అన్నాడు. "ఎండలు తగ్గాక పోతాను. అక్టోబర్‌లో. ఇప్పుడు పోతే అన్నీ చస్తాయి."

"కైఫక్." నీ ఇష్టం అని ఆయన వెళ్ళిపోయాడు. విమానం వేళ దగ్గరపడుతోంది.

సాబేరా మెట్టు దిగి వచ్చింది.

"నువ్వు ఆయప్పను అడగనే లేదు. ఒక్కసారి గూడా."

అతను కోసిన పూలను రంగుల వారీగా సర్దుతున్నాడు.

"ఆమెకి చెప్పిందంతా అబద్ధమేనా?"

"నీ పని నువ్వు చూస్కో సాబేరా. పెట్టె సర్దుకో పో."

మధ్యాహ్నం ఇంటివాళ్ళ కారు వెళ్ళాక అతను తన గదిలో పడుకున్నాడు. ప్రహరీకి ఆనించి కట్టిన ఇరుకు గది. ఏసీ కింద చాప. నిద్ర రాలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదో ఇప్పుడు విప్పి చూసుకోక తప్పలేదు. బాబా సరేనంటే ఎలా అన్నదే అతని భయం. పోయినసారి సెలవులో ఇంట్లో గ్లాసు ఎక్కడుంటుందో ఖాదర్‌బీని అడగాల్సి వచ్చింది. ఆమె తెచ్చి ఇచ్చేది. తాగేవాడు. రాత్రులు ఏం మాట్లాడాలో తెలియక ఈ తోట గురించే చెప్పేవాడు, ఆమె వినేది. ఇప్పుడు పోతే ఆమె మంచం పక్కన కూర్చోవాలి. ఉబ్బిన కాలు పట్టుకోవాలి. తను ఎంత పట్టుకున్నా తగ్గని కాలు అది. తెగులు పట్టిన మొక్కకు ఏం చేయాలో అతనికి తెలుసు, పక్కవాటికి అంటుకోక ముందే పీకి గోడ అవతల పారేస్తాడు. ఈ పోలిక తనంతట తనే వచ్చింది. అతను ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడలేదని గమనించి మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలాక లేచి డ్రమ్ముకు నీళ్ళు పడుతుంటే సాబేరా వచ్చింది. ప్రయాణానికి కొత్త బురఖా వేసుకుంది. చేతిలో ఫోన్ ఉంది, తెర ఇంకా వెలుగుతోంది.

"మా అమ్మ ఫోన్ చేసింది అన్నా. వదినె పోయింది. ఇందాక. కడపకు తీసకపోతాంటే దావలోనే."

నీళ్ళు డ్రమ్ములో పడుతున్నాయి. మౌలాలి తలూపాడు, ఎవరో దారి చెబితే విన్నట్టు.

"రేప్పొద్దున మట్టి ఇస్తారంట."

లోపల ఎక్కడో బిగిసిన ముడి ఊడింది. అది ఏడుపు కాదని అతనికి వెంటనే తెలిసింది. "చూడు మరి," అన్నాడు. "నీతో పాటు బయల్దేరినా అందుకునేవాణ్ణి కాదు. ఇంకా విమానం గూడా ఎక్కింటామా?"

సాబేరా ఫోన్ తెర ఆర్పింది.

"నువ్వు బయల్దేరినావని ఆమెకి తెలిసేది గదన్నా. ఆ మాట ఇని పోయిండేది."

ఆమె తిరిగి వెళ్ళిపోయింది. డ్రమ్ము నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పొర్లాయి. వేడివి. అతను పాదాలు తీయలేదు. తర్వాత తీశాడు. పైపు కట్టేసి, అలసంద తీగకు ఊడిన దారం మళ్ళీ కట్టాడు.

గేటు బయట టాక్సీ హారన్ కొట్టింది. సాబేరా వంటింటి మెట్టు మీద పెట్టె తెరిచి, గుడ్డల కిందినుంచి ఏదో తీసి పక్కన పెట్టి, మళ్ళీ మూసింది. అతనివైపు చూడలేదు. పోయొస్తానని కూడా అనలేదు. పెట్టె చక్రాల చప్పుడు గేటుదాకా వెళ్ళింది, ఆ తర్వాత కారు తలుపు చప్పుడు.

చీకటి పడక ముందే అతను కత్తెర కడిగి తుడిచాడు. నీడవల అంచులు సర్దాడు. డ్రమ్ము మూతికి తడిగుడ్డ కప్పాడు. వంటింటి తలుపుకు తాళం వేయడానికి వెళ్ళి, మెట్టు దగ్గర ఆగి, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చాడు.

ఖాదర్‌బీ వాచిన కాళ్ళకు పట్టాలని ఒక సైజు పెద్దవి చూసి సాబేరా బజారులో కొన్న మెత్తటి ఆడ చెప్పులు, రెంటినీ కలిపి కట్టిన ప్లాస్టిక్ దారం తెంచకుండానే, ఆ మెట్టు మీద గుమ్మంవైపు తిరిగి ఉన్నాయి.