పగటిపూట ఖాళీ ఇల్లు

ఆమె మొగుడిలో ఒకే ఒక్క లోపం. ఆయన ఎన్నడూ తప్పు చేయడు. కూరలో ఉప్పు తనే రెండోసారి వేస్తే తప్పు ఉప్పుడబ్బాది. రైలు వెళ్ళిపోతే తప్పు స్టేషను గడియారానిది. ఇంత నిర్దోషితో కాపురం చేయడం మాటలా? ఇంట్లో జరిగే తప్పులన్నిటికీ ఎవరో ఒకరు సొంతదారు ఉండాలి కదా. అత్తగారు పెద్దావిడ కనుక అవన్నీ కోడలి పేరనే ఉండేవి.

అలాంటి మనిషి చేత ప్రభుత్వం చట్టం రాయించింది. ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడును గాలిలో కలవనీయకుండా పట్టి, నీళ్ళలా అయ్యేదాకా నొక్కి, గొట్టాల్లో పంపి ఎక్కడో భూమి లోతున దాస్తారట. ఆ గొట్టాలు ఇళ్ళకు ఎంత దూరాన ఉండాలి, పగిలితే ఎవరు ఎవరిని హెచ్చరించాలి అన్న నిబంధనలు ఆయనవి. ఆయన నెలల తరబడి రాశాడు. ఆమె నెలల తరబడి టీ పెట్టింది.

ఆ ఉదయం వాటి మీద బహిరంగ విచారణ. ఆమె చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన బనీనుతో అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లె వేస్తున్నాడు. ఎప్పటిలాగే సభంతా ఆమే.

"ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా బరువు. గొట్టం పగిలితే నేలబారున పాకి పల్లంలో నిలిచిపోతుంది. పీల్చినవాళ్ళు చూస్తూండగానే స్పృహ తప్పొచ్చు. కనుక జనం ఉన్నచోట గొట్టం దూరంగా ఉండాలి, సైరన్ ఉండాలి. పగలు జనం ఉండని చోట ఈ రెండూ అక్కర్లేదు. ఉదాహరణకి, పాల డిపో వెనక వీధి..."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"పాల డిపో వెనకంటే మన వీధేగా?"

"ఊఁ. మన పెరటి గోడ అవతలి సందులోంచే పోతుంది. రాత్రిళ్ళు ఒత్తిడి తగ్గిస్తారులే, భయం లేదు."

"మరి పగలు?"

"పగలెవరుంటారోయ్? నేను ఆఫీసుకి, పిల్ల కాలేజీకి. వీధంతా అంతే. సర్వే చేయించాం. ఉద్యోగస్తులెందరు, చదువుకునేవాళ్ళెందరు అని అడిగారు. వాళ్ళు బయటికెళ్తే మిగిలేది సున్నా."

"నేనో?"

"నువ్వు ఇంట్లోనే కదా!" అన్నాడాయన, జవాబు చెప్పేసినట్టు.

పక్కగదిలోంచి అత్తగారి గొంతు. "ఒరేయ్, మరి నేనేమయ్యానురా?"

"అమ్మా, మధ్యలో మాట్లాడకు. మర్చిపోతున్నాను."

ఆమెకు సర్వే రోజు గుర్తొచ్చింది. సర్వే మనిషి వచ్చింది పట్టపగలు. తలుపు తీసింది తనే. ఎండనపడి వచ్చాడని మంచినీళ్ళిచ్చింది తనే. ఆ నీళ్ళు తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చి, ఇంట్లో ఎవరూ ఉండరని రాసుకుపోయాడు! 'ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా' అని ఈయన అన్నాడు, ఆడపడుచు అంది, అత్తగారూ అన్నారు. బ్యాంకుకి వెళ్ళమన్నా, ఆస్పత్రిలో కాపలా పడుకోమన్నా ముందు ఆ మాటే వచ్చేది. ఆమె నవ్వి ఊరుకునేది. ఊరుకున్న కొద్దీ ఆ మాట వంటింట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఆఫీసులోకి నడిచి, ఏకంగా చట్టంలోకి ఎక్కి కూర్చుంది. గొట్టంలో గాలి ఏ నిమిషాన ఎక్కడుందో కనిపెట్టడానికి నిబంధనలు రాసిన మనిషి, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో తన చొక్కా ఇస్త్రీ చేస్తున్న మనిషిని కనిపెట్టలేకపోయాడు.

ఆమె స్విచ్చి కట్టేసింది. చొక్కా ఎడమచేతిని ముడతలతో అలాగే వదిలి అందించింది. ఆయన చూసుకోకుండానే తొడుక్కుని వెళ్ళాడు.

"అత్తయ్యా, చీర మార్చుకోండి," అంది.

"ఎక్కడికమ్మాయ్?"

"మనం ఉన్నామని చెప్పి రావడానికి."

దారిలో వరసగా తలుపులు తట్టింది. సర్వే ప్రకారం ఖాళీగా ఉండాల్సిన ఇళ్ళు. ప్రతి తలుపూ తెరుచుకుంది. ఒకచోట కుట్టుమిషను ఆవిడ, ఒకచోట చంటిదాన్ని భుజాన వేసుకున్న బాలింత, ఒకచోట రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రకళ్ళతో నర్సు. అందరినీ వెంటబెట్టుకుని విచారణకి నడిచింది.

హాల్లో ఆయన మ్యాపు వైపు ఎడమచెయ్యి ఎత్తాడు. "ఈ వీధి పగటిపూట ఖాళీ."

ఆమె లేచి నిలబడింది.

"మీరెవరమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"సున్నానండి. ఆ ఖాళీ ఇంట్లోంచే వచ్చాను. వీళ్ళందరూ కూడా సున్నాలే."

నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు.

"వాసన లేని గాలి మా పెరట్లోకొస్తే, సైరన్ కూడా లేకపోతే, మేం పడిపోయామని ఎవరికి తెలుస్తుందండీ? సాయంత్రం ఈయన ఇంటికొచ్చి టీ అడిగేదాకా ఆగాలా? లేనివాళ్ళు పోయారని ఎలా రాసుకుంటారు?"

వెనక వరసలో కుర్చీ పట్టుకుని లేచి నిలబడుతున్న తల్లిని ఆయన చూశాడు. చిన్నగా ఆవిడ కూడా చెయ్యెత్తింది.

"అది సర్వేవాళ్ళ..." అని మొదలుపెట్టి ఆగాడు. ఎత్తిన చెయ్యి దించబోతే ముడతలుపడ్డ చొక్కా చెయ్యి కనబడింది. తర్వాత మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"సర్వేవాళ్ళది కాదు. ఏం అడగాలో రాసిచ్చింది నేను. తప్పు నాది."