ట్యాంకు మలుపు

బ్లేడు కింద మట్టి చక్కగా తెగుతోంది. మరీ తడిగా లేదు, మరీ పొడిగా లేదు. వాన వెలిశాక ఎడారి మట్టి ఇలా మాట వినేది నాలుగు రోజులే, ఆ తర్వాత ఇటుకలా బిగుసుకుపోతుంది. క్లెమ్ రడ్జ్ ఎడమచేతి లివరు కాస్త వెనక్కి లాగి బ్లేడు మూల దించాడు. ఎర్రమట్టి మెలికలు తిరుగుతూ పక్కకు పొర్లి, రోడ్డు అంచున పొడవాటి కట్టలా పడుతూ వచ్చింది. మెడ తిప్పి వెనక అద్దంలో చూసుకున్నాడు. నడుమ ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా, చేప వీపులా ఉంది రోడ్డు.

అరవై దాటిన మనిషి. ముఖం, మోచేతుల కింద భాగం, మోకాళ్లు కాలిన ఇటుక రంగు, తక్కిన ఒళ్లంతా పాల తెలుపు. ఎండ పుండు లేచిందని కుడిచెవి అంచు డాక్టరు కోసి కుట్టాడు. అందువల్ల టోపీ ఆ పక్క ఎప్పుడూ కాస్త కిందికి జారి ఉంటుంది. ఏళ్ల తరబడి మట్టి చెక్కి రోడ్డు చదును చేసే ఈ గ్రేడర్ సీట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడంతో నడిచేటప్పుడు కూడా అలాగే ఒరిగి నడుస్తాడు. హైవే దగ్గర రాత్రి పడుకున్న కారవాన్ బండిలో ఉదయం కోసి పెట్టుకున్న ఉప్పుమాంసం రొట్టె కాగితంలో పక్కన ఉంది. ఇంకా విప్పలేదు. ఇవాళ తినడానికి ఆగకూడదనుకున్నాడు.

బర్డెట్ ఊరికీ హైవేకీ మధ్య ఉన్నది ఈ ఒక్క మట్టిరోడ్డే. వాన పడగానే దాన్ని మూసేస్తారు. తడి రోడ్డెక్కిన ఒక్క బండి చాలు. చక్రాల గాడి పడి ఎండిపోతే నెలల తరబడి ఊరందరి నడుములూ విరుగుతాయి. అందుకని ముందు క్లెమ్ ఒక పక్క చెక్కుకుంటూ హైవేదాకా వెళ్తాడు, రెండో పక్క చెక్కుకుంటూ తిరిగి వస్తాడు. ఇవాళ తిరిగొచ్చే రోజు. ఉదయం ఎనిమిదింటికి రోడ్డు తెరవచ్చని రాత్రే కౌన్సిలుకు చెప్పాడు.

చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత పడుకోబోతూ అనిపించింది. రోడ్డు తెరిస్తే మిసెస్ ప్రెంటిస్ వెళ్లిపోతుంది.

ఊనా ప్రెంటిస్‌ది క్లెమ్ పక్కిల్లు. పోస్టాఫీసు మూతబడేదాకా ఆవిడే నడిపింది. ఊరి హాలులో ఫోటోల బోర్డు పెట్టిందీ ఆవిడే. శనివారం సాయంత్రం ఎవరి ఫోటో వాళ్లు తెచ్చి గుచ్చేవాళ్లు. మనిషికి ఒకటే. ఇసుక దిబ్బలు, ఎండిన ఉప్పు చెరువు, పిడుగు పడి చీలిన చెట్టు. అందరూ టీ తాగుతూ ఒక్కొక్క దాని ముందూ నిలబడి ఒక్క మంచి మాటైనా చెప్పాలి. అది ఆవిడ పెట్టిన నియమం. ఇప్పుడు ఫోటోలన్నీ ఫోన్లలో ఊరి గ్రూపులోకి వస్తున్నాయి, పెట్రోలు బంకు, హోటలు కలిసిన రోడ్‌హౌస్ నడిపే షార్లీన్ వాటిని అక్కడి టీవీలో వేస్తోంది. మంచి మాటలు కూడా ఫోన్లలోనే.

మిసెస్ ప్రెంటిస్ ఫోటోలు చూడగానే తెలిసిపోయేవి. అన్నీ మోకాళ్ల మీద కూర్చుని తీసినవే. తోటపని చేసే వాళ్లు వాడే ఆకుపచ్చ రబ్బరు చాప ఒకటి ఆవిడ చంకలో ఎప్పుడూ ఉండేది. ఆకాశం కన్నా నేలే ఎక్కువ ఉండేది వాటిలో. తీయలేకపోయింది ఒక్కటే, ఎడారి బఠాణీ పూలు. నేల మీద పాకే తీగకు అవిసె పువ్వంత ఎర్రటి పువ్వు, మధ్యలో నల్లగా మెరిసే గుడ్డు. మంచి వాన పడ్డ ఏడాదే పూస్తుంది. పాత నీళ్ల ట్యాంకు మలుపు దగ్గర, రోడ్డు అంచున, ఆ గింజలున్న జాగా ఒకటి క్లెమ్‌కు తెలుసు. అక్కడికి రాగానే బ్లేడు ఎత్తేసి, దాటాక దించుతాడు. సంగతి మిసెస్ ప్రెంటిస్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. కిందటిసారి పూసినప్పుడు ఆవిడ పోర్ట్ అగస్టా పట్నంలో భర్త ఆస్పత్రి మంచం పక్కన ఉంది. తిరిగొచ్చేసరికి తీగలు ఎండిపోయాయి.

ఇప్పుడు ఆవిడకు చూపు మధ్యలో మచ్చ పడింది. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కన ఉన్నది కొంచెం కనబడుతుంది. దేన్నైనా చూడాలంటే దాని నుంచి ముఖం పక్కకు తిప్పుకుంటుంది. ఒంటరిగా ఉండటం ఇక కుదరదని, పోర్ట్ అగస్టాలో వృద్ధుల వసతిలో చోటు చూసింది మేనకోడలు కైలీ. ఆవిణ్ణి తీసుకెళ్లడానికి ఇవాళ మధ్యాహ్నం వస్తానంది.

"పూసిందంటావా?" వాన వెలిసిన రోజు కంచె అవతల నుంచి అడిగింది మిసెస్ ప్రెంటిస్.

"పూయకుండా ఎక్కడికి పోతుందండీ. రోడ్డు చెక్కి తిరిగొచ్చే రోజు పన్నెండింటికల్లా వచ్చేస్తాను. నా బండిలో తీసుకెళ్తా. మీ చాప తెచ్చుకోండి."

"చాపెందుకు, ఇక వంగగలనా?"

"వంగకపోతే ఎత్తి కూర్చోబెడతాను. మట్టి ఎత్తినవాణ్ణి, మిమ్మల్ని ఎత్తలేనా?"

"ఆ బ్లేడు మాత్రం ఇంట్లో పెట్టి రావయ్యా," అందావిడ.

హైవేకి పోయే రోజున మలుపు దగ్గర ఆగి చూశాడు. గదంత మేర ఎర్రగా పూసింది. ఫోను తీసి, బొటనవేలు అడ్డం వస్తున్నా ఒక ఫోటో తీశాడు. హైవే దగ్గర సిగ్నల్ దొరికాక షార్లీన్‌కు పంపాడు: మిసెస్ ప్రెంటిస్‌కు పెద్ద టీవీలో చూపించు, ట్యాంకు మలుపు దగ్గరివని చెప్పు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో వెనక నుంచి ఒక తెల్లకారు వచ్చి గ్రేడర్‌ను దాటింది. డ్రైవరు స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తింది. ఈ రోడ్డు మీద పలకరింపంటే అంతే. క్లెమ్ కూడా లివరు మీంచి వేలెత్తాడు. ఎవరో తొందరలో ఉన్నారనుకున్నాడు.

మలుపు తిరగగానే మనుషులు కనిపించారు.

రిటైరైన స్కూలు టీచరు డెస్ ముక్కాలి పీట లాంటి కెమెరా స్టాండు మడుస్తున్నాడు. అతని భార్య లోర్నా కారు వెనక తలుపు తీసి ఫ్లాస్కులోంచి టీ వంచుతోంది. క్లెమ్ ఇంజను ఆపాడు. దిగేటప్పుడు మెట్టు మీద కాలు జారి మోకాలు కొట్టుకుంది.

"అరవడానికి ముందే చూసుకో," డెస్ రెండు చేతులూ చాపి రోడ్డు చూపించాడు. "నీ రోడ్డు మీద ఒక్క గీత లేదు! ఉందేమో వెతుక్కో. బీరు పందెం."

"తెల్లారకముందే బయల్దేరాంగా, రోడ్డింకా మూసే ఉంది," అంది లోర్నా. "ఎక్కామంటే క్లెమ్ మన తోలు ఒలిచి ఆరేస్తాడు, పక్క నుంచి పోదాం అన్నాను. ఊరి నుంచి ఇక్కడిదాకా పక్కనే వచ్చాం బాబూ. ఒళ్లు హూనమైంది. నా పళ్లు అన్నీ ఉన్నాయో లేదో."

"ఎంతమంది?"

"ఆరు బళ్లు. టీవీలో నీ ఫోటో చూసి, చోటు కూడా తెలిశాక ఎవరాగుతారు? ఇన్నేళ్లూ దాచుకున్నావు కదరా, పిసినారీ. వరసగా రోడ్డు దిగి పెట్టించాను అన్నిటినీ. తక్కిన వాళ్లు టిఫిన్లకని పోయారు," అన్నాడు డెస్.

క్లెమ్ రోడ్డు అంచుదాకా వెళ్లాడు. చక్రాల జాడలు తీగల మీంచి పోయాయి, ఒకదాని మీద ఒకటి. బళ్లు వెనక్కి తిప్పుకున్న చోట నేల గుల్లయింది. పూలు మట్టిలోకి దిగిపోయి, నల్లటి గుడ్లు చితికి, ఎరుపు మట్టి ఎరుపులో కలిసిపోయింది. అవతలి అంచున మాత్రం ఒక వరస నిలబడి ఉంది. దాని చుట్టూ మోకాళ్ల గుర్తులు, బూట్ల గుర్తులు.

"పక్కనంటే," అన్నాడు క్లెమ్. బూటు కొనతో చక్రాల జాడ చూపించాడు. "పక్కనంటే ఇక్కడేనా?"

"మరెక్కడ? రోడ్డెక్కనీయవు, ఆకాశంలో ఎగరమంటావా?" డెస్ నవ్వాడు. ఫోను తీసి అతని ముఖం ముందు పెట్టాడు. "ఇది చూడు. ఈ వెలుతురు చూడు."

ఫోటో నిజంగా బాగుంది. మంచు తడి ఆరని రేకుల మీద తొలి ఎండ పడి, పువ్వులు లోపల దీపం పెట్టినట్టున్నాయి. వెనక క్లెమ్ వేసిన రోడ్డు ఒక్క గీత లేకుండా ఆకాశందాకా పోతోంది.

క్లెమ్ నోరు తెరిచాడు. తడి రోడ్డెక్కిన వాళ్లను తిట్టడానికి అతని దగ్గర ముప్ఫయ్యేళ్లుగా పోగైన మాటలున్నాయి. పబ్‌లో, హాలులో, రోడ్‌హౌస్ కౌంటరు దగ్గర, ఆఖరికి డెస్ తల్లి అంత్యక్రియల రోజున కూడా వాటిని వాడాడు. రోడ్డు పక్క నేల గురించి ఒక్క మాట ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు వెతికితే ఒక్కటీ దొరకలేదు.

"బాగుంది," అన్నాడు.

"బాగుందా! ఇంతోటి మాట నీ నోట్లోంచి వచ్చిందంటే ఫ్రేము కట్టించాల్సిందే," అంది లోర్నా. "టీ తాగు. ముఖమేంటి అలా ఉంది?"

"పనుంది."

రోడ్డు తెరిచే ఉన్నా వాళ్ల బండి అలవాటుగా కాసేపు అంచునే పోయి, తర్వాత జాగ్రత్తగా రోడ్డెక్కింది. వాళ్లు కనుమరుగయ్యాక క్లెమ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడిమోకాలు మంట పుట్టింది. అవతలి వరస చాలు, అనుకున్నాడు. ఆవిడకు ఎలాగూ మధ్యలో ఉన్నది కనబడదు. అటు చివర కూర్చోబెడితే చక్రాల జాడలు వెనకపడతాయి. ఎరుపు తెలుస్తుంది. చితికిన తీగలను చేతులతో ఎత్తి దూరంగా పారేయసాగాడు. మట్టి చదును చేశాడు. రోడ్డు పనిలో ఆరితేరిన చేతులే, అయినా ఈ కాస్త మేర నున్నగా రావడం లేదు. ఎంత సర్దినా మనిషి చేసినట్టే కనబడుతోంది. విసుగొచ్చి మట్టిగడ్డ ఒకటి తీసి ట్యాంకుకేసి కొట్టాడు. తుప్పు పట్టిన రేకు డొల్లగా మోగింది.

ఒక తీగ ముక్క విరిగినా, దాని రెండు పూలు దెబ్బ తినలేదు. దాన్ని ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి నిలబెట్టి, గ్రేడర్ లోపల అద్దం దగ్గర పెట్టుకున్నాడు. కోసినది నిలవదని తెలుసు. గంటలో ముడుచుకుంటుంది. బ్లేడు దించి, మళ్లీ కదిలాడు. ఊరింకా అరగంట దూరం ఉంది, పన్నెండు కాలేదు.

ఎదురుగా తెల్లకారు వచ్చింది. పొద్దున దాటిపోయినదే. డ్రైవరు వేలెత్తింది. క్లెమ్ వేలు దానంతటదే లేచింది. పక్కసీట్లో ఒక గడ్డి టోపీ. ఆ టోపీ కింది ముఖం అవతలి కిటికీ వైపు తిరిగి ఉంది, ఇటు చూడదలుచుకోనట్టు.

కారు దాటిపోయాక గానీ అర్థం కాలేదు. అటు తిరిగి ఉందంటే, ఆవిడ చూస్తున్నది ఇటే.

హారన్ మోగించాడు. ఇంజను ఆపకుండానే దిగి రోడ్డు నడుమ నిలబడి టోపీ ఊపాడు. నున్నటి రోడ్డు మీద కారు ఎక్కడా తొణక్కుండా పోతోంది. మలుపు దగ్గర దాని వెనక ఎర్ర దీపాలు వెలిగి, ఆరిపోయాయి. మలుపులో ఎవరైనా బ్రేకు వేస్తారు.

ఊరికి చేరేసరికి రోడ్‌హౌస్‌లో టీవీ చుట్టూ జనం. డెస్ ఫోటో తెర నిండా ఉంది. ఎవరో ఈల వేశారు. షార్లీన్ కౌంటరు వెనక నుంచి బయటికొచ్చింది.

"పొద్దున్నే వచ్చేసిందిరా కైలీ. మధ్యాహ్నం అనుకుంటే, రోడ్డు అద్దంలా ఉంది, సగం టైములో వచ్చేశానంది. అక్కడ సాయంత్రంలోగా అప్పజెప్పాలంట, మళ్లీ డ్యూటీకి పోవాలంట. పాపం నువ్వొస్తావని ఆవిడ వసారాలో కూర్చునే ఉంది. పదకొండుదాకా కదల్లేదు."

"నా ఫోటో చూపించావా?"

"చూపించాను. టీవీకి ఇంత దగ్గరగా వచ్చి, ముఖం గోడ వైపు తిప్పుకుని చూసింది. 'వీడి బొటనవేలు చాలా బాగా వచ్చింది' అంది." షార్లీన్ నవ్వబోయి మానేసింది. "దారిలోనే కదా మలుపు, చూసుకుంటూ పోతాన్లే అంది. చూసే ఉంటుంది కదూ?"

క్లెమ్ టీవీ వైపు తిరిగాడు. తెర మీద ఫోటో మారింది. లోర్నాది. తర్వాత ఇంకొకరిది. ప్రతి దానిలోనూ రోడ్డు శుభ్రంగా ఉంది.

"అందరూ అడుగుతున్నారు," అందామె, "మళ్లీ ఎప్పుడు పూస్తుందని."

"వాన పడితే," అన్నాడు. గింజ పట్టకముందే చితికిన తీగ తర్వాతి వానకు ఏం పూస్తుందో చెప్పబోయి, బయటికి నడిచాడు.

గ్రేడర్‌ను యార్డులో పెట్టి ఇంటికి వచ్చాడు. ఫ్లాస్కు మూత చేతిలోనే ఉంది. అందులో పూలు రెండూ ముడుచుకుని ముదురు రంగుకు తిరిగాయి. పక్కింటి కిటికీలకు తెరలు వేసి ఉన్నాయి. వసారాలో కుర్చీ లేదు, పూలకుండీలు లేవు. మెట్టు మీద, చేతికందేలా, బయల్దేరే మనిషి పెట్టుకున్నట్టుగా, దుమ్ము దులిపి తుడిచిన ఆకుపచ్చ రబ్బరు చాప ఉంది. ఏళ్ల బరువుకు దాని మీద రెండు మోకాళ్ల గుంటలు పడ్డాయి. తుడవడం మరిచారో, తుడిచినా పోలేదో, ఆ రెండు గుంటల్లో మాత్రం ఎర్రమట్టి అలాగే ఉంది.