హాల్‌టికెట్లు రాని మధ్యాహ్నము

ప్రచండమార్తాండకిరణసంతప్తములై కాకినాడ పురవీథులు నిర్జనములుగా నుండ సముద్రసమీరము సైతము వేడిబూడిదను ముఖములపై జల్లుచున్నట్లు వీచు వైశాఖమధ్యాహ్నమున నొక కళాశాలయందలి చల్లని సర్వరుగదిలో తద్యంత్రపాలనాధికారిణియగు మందాకిని మాత్రము చెమటలు గ్రక్కుచుండెను.

మరునాడే పరీక్షలు. విద్యార్థులు వెబ్‌సైటున మీట నొక్కినంతనే యందలి స్క్రిప్టు వేఱొక ప్రోగ్రామును బిలిచి హాల్‌టికెట్టును దయారుచేయించి యొసగవలసియుండ నుదయమాదిగ నెల్లరకును తెల్లని తెరయే దర్శనమిచ్చుచుండెను. మందాకిని యా ప్రోగ్రామును స్వయముగా నడిపి చూడ నది తత్క్షణమే చక్కని టికెట్టు నిచ్చెను. పదిసారులు నడిపెను. పదిసారులు నిచ్చెను.

తాను నడుపగా నడచునది యితరులకు నడువకుండుట దుర్జనకృత్యము గాక మఱేమి? ప్రమోషను దక్కక ముఖము ముడుచుకొని తిరుగుచున్న సహోద్యోగి పేర్రాజు నిన్న సాయంకాలమువఱకు నీ గదిలోనే కూర్చుండెను గదా! పిలువకయే వచ్చెను. పోవుచు నేలనో నవ్వెను. ఆ నవ్వు తలంచుకొనిన కొలది నామె శంక బలపడెను. ఈ ద్రోహము పేర్రాజుదేయని ప్రిన్సిపాలునకు లేఖ వ్రాసి పంపెను. ఇక నతడు తన యుద్యోగమునకు నీళ్ళు వదలుకొనవలసినదే. అటుపిమ్మట నతనిని బిలిపించెను.

"పేర్రాజుగారూ! ఏమి చేసితిరో మీ నోటనే చెప్పుడు."

"నేనేమియు ముట్టలేదమ్మా. తమరు ప్రోగ్రామును నడిపినది యెవరి పేరిట?"

"నా పేరిటనే. మఱెవరి పేరిట నడుపుదును?"

"విద్యార్థులు మీట నొక్కినపుడు దానిని నడుపునది తమరు గాదు గదమ్మా, వెబ్‌సైటును నడుపు వెబ్‌సర్వరు. దాని పేరిట నొక్కసారి నడిపి చూడుడు."

ఇదియు నొక పన్నాగమేమో యని యతని చేతులవంకనే యోరగా జూచుచు మందాకిని యట్లే నడిపెను. అనుమతి లేదని తెరపై వెలసెను. ప్రోగ్రామున్న ఫోల్డరును పరిశీలింప నందు ప్రవేశము మందాకిని కొక్కతెకే కలదు.

ఆమె ముఖము పాలిపోయెను. నిన్న పేర్రాజు వెడలిన మఱుక్షణమే యతడేమి కదపునోయను శంకతో నా ఫోల్డరును దనకు దక్క నన్యులెవ్వరికిని తెరువరాకుండ మూసినది తానే.

వెంటనే సర్వరునకు జదువుటకును నడుపుటకును మాత్రమే యనుమతి నొసగెను. టికెట్లు వరుసగా వెలువడసాగెను. సిగ్గుచే నామె తల యెత్తలేకుండగనే పేర్రాజు ఫోను మ్రోగెను.

"ప్రిన్సిపాలుగారు రమ్మనుచున్నారమ్మా. ఎందులకో!"

"మీరు కూర్చుండుడు. పోవలసినదానను నేను" అని మందాకిని లేచి యా నిప్పులు చెఱగు నెండలోనికి నడచెను.

తాళపుచెవి తమ కొంగున నున్నవారికి మూసిన ద్వారము సైతము తెరచియున్నట్లే తోచును.