బొటనవేలికి పూలనార

బస్సు పూర్తిగా ఆగకముందే మునిరత్నం వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కేశాడు. ఐరాల వైపు నుంచి తిరుపతికి వచ్చే తొలి బస్సు అది. టాపు మీద తడి గోనెలు కప్పిన పూలగంపలు. ఒక్కొక్కటే తలకెత్తుకుని దించాడు. మూత తీయకుండానే వాసన పట్టి ఏ గంప ఎవరి తోటదో చెప్పేస్తాడని బస్టాండులో గొప్పగా అనుకునేవాళ్ళు గానీ, అదంతా వట్టిదే. గంపలకు సున్నంతో గుర్తులుండేవి. అయినా కనకాంబరానికి వాసనెక్కడిది?

పొడుగాటి మనిషి. నలభై దాటకముందే చెంపలు నెరిశాయి. కళ్ళ కింద ఉబ్బు, కళ్ళలో ఎప్పుడూ ఎర్రజీర. చుక్క ముట్టని మనిషికి ఊరంతా తాగుబోతన్న పేరు. అతనూ కాదనలేదు. నిద్రంటే భయమని చెప్పుకోవడం కంటే తాగుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాడు.

ఆ భయం పదహారో ఏట పట్టుకుంది. వేరుశెనగ చేలో మంచె మీద కాపలా పడుకున్నవాడికి మెలకువ వచ్చింది. పైన చుక్కలు కనిపిస్తున్నాయి, కింద కుక్క మొరగడం వినిపిస్తోంది. కాలు మాత్రం కదలదు, నోరు పెగలదు. గుండెల మీద ఎవరో గొంతుక్కూర్చున్నారు. అది మొదలు, కన్ను మూస్తే చాలు, వచ్చి కూర్చునేది. వాళ్ళమ్మ తలకింద కొడవలి పెట్టింది, జబ్బకు తాయెత్తు కట్టించింది. కొడవలి తుప్పు పట్టిందే గానీ దయ్యం వదల్లేదు. చివరికి ఆమే కొడుకు పాదం చేత్తో పట్టుకుని పడుకునేది. వాడి గొంతులో చిన్న మూలుగు వినబడగానే కాలు గుంజేది. ఆ ఒక్క గుంజుకు ఒళ్ళు కట్లు తెంచుకున్నట్టు కదిలేది. ఆ తల్లి పోయాక మునిరత్నం తిరుపతి చేరాడు. రైళ్ళూ బస్సులూ గోవిందనామాలూ, రాత్రన్నది లేని ఊరు. నిద్ర పోకూడదనుకునేవాడికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

గంపలు మోసుకొచ్చి ధనంజయ పూలకొట్టులో దించేసరికి తెల్లవారింది. నీళ్ళు చల్లాడు, వాడినవి ఏరాడు, అరటినార తడిపి కట్టలు విప్పాడు. ఇవన్నీ రోజూ చేసేవే. పొద్దెక్కాక దండలు కట్టే చంద్రకాంతమ్మ వచ్చి తన పీట మీద కూర్చుంది. మామూలుగా అయితే రాగానే, "ఈ పొద్దు మొగ్గలేందిరా ఇంత సన్నంగా ఉండాయి?" అని రైతుల్నీ ఎండనీ కలిపి తిట్టేది. ఆ రోజు నేరుగా నార అందుకుంది. ఆమె పూలు కట్టడం ఆ మధ్యాహ్నంతో సరి. నాయుడుపేటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది.

ఆమె అతనికి చుట్టమేమీ కాదు. కొన్నేళ్ళ కిందట, ముహూర్తాల రోజుల్లో, దండ కొస తగిలించే మేకు ఊడిపోయింది. చేతిలో పెళ్ళివాళ్ళ పని. ఎదురుగా రెండు రాత్రుల జాగరణతో గోడకానుకుని, కాళ్ళు చాపి తూగుతున్న మునిరత్నం. ఆమె మరేం ఆలోచించలేదు, నార కొసను అతని బొటనవేలికి తగిలించి కట్టుకుంటూ పోయింది. ముడి ముడికీ వేలు చిన్నగా గుంజుకుంటోంది. పెళ్ళిదండ పూర్తయ్యాక మునిరత్నం లేచి కూర్చున్నాడు. "అక్కా, అది రాలేదక్కా!" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సంగతంతా అప్పుడే ఆమెకు తెలిసింది.

ఊడిన మేకును మళ్ళీ కొట్టారు గానీ, ఆనాటి నుంచి మధ్యాహ్నాలు ఆమెకు మేకు అతని వేలే. అతనికి ఇరవైనాలుగు గంటల్లో నిద్రంటే అదొక్కటే. దేవుడికి పోయే మాలలు మాత్రం ఆమె చచ్చినా కాలికి తగిలించేది కాదు, మేకుకే. గుడి మాలలున్న రోజు మునిరత్నానికి జాగరణ తప్పదు. "ఏకాదశి నీకేరా ఎక్కువ పుణ్యం," అని ధనంజయ ఆట పట్టించేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఆమెకు చూపు మందగించింది. మొగ్గలు జారిపోయేవి. కూతురు మునిలక్ష్మి రెండుసార్లు వచ్చి రమ్మంది. ఆమె కదల్లేదు. రెండోసారి కొట్టు వెనక నీళ్ళు పడుతున్న మునిరత్నానికి మాటలు వినపడ్డాయి.

"నేనొస్తే ఆ పిల్లోడు యాడ పండుకుంటాడే?"

నెరిసిన తలవాడు బిందె పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మూడోసారి మునిలక్ష్మి వచ్చినప్పుడు ఆమె సరేనంది. ఎందుకు ఒప్పుకుందో ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళే రోజు మధ్యాహ్నం, బస్సు దగ్గర అతనికి చెప్పింది. మునిలక్ష్మి సామాను సర్దుతోంది. చంద్రకాంతమ్మ కిటికీ పక్కన కూర్చుని అతన్ని దగ్గరికి పిలిచింది.

"ఒరే రత్నం, ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. ఈ మజ్జ నేను నార నీ వేలికి ఉంచలేదు. నువ్వు కండ్లు మూస్తానే తీసేసి మేకుకు తగిలిస్తా ఉండా. అయినా నువ్వు గుర్రు పెట్టి పండుకుంటా ఉండావు. సూసినావా! అది నిన్నిడిసి పోయిందిరా. ఇంక నీకు నాతో పనిలేదు."

మునిరత్నం నోరు తెరిచి నిలబడ్డాడు. "అట్నా అక్కా? నాకు తెలీనే తెలీదే!"

"నీకెట్ల తెలుస్తాది, నిద్దరలో ఉంటివి గదా." ఆమె ముఖం విచ్చుకుంది. "నీ దిగులే నాకు. అది తీరిపోయినాది. ఇంక నిమ్మళంగా పోతా."

ఆమె నార తీసిన మొదటి రోజే అతనికి తెలిసింది. వేలి మీద గుంజు ఆగగానే మెలకువ వచ్చింది. కన్ను సందు చేసి చూస్తే దండ మేకుకు వేలాడుతోంది. ఎందుకో అర్థమైంది. తను లేస్తే ఈమె ఎప్పటికీ వెళ్ళదు. కన్ను మూసుకుని ఊపిరి నిదానంగా తీశాడు. కాస్సేపటికి గుర్రు కూడా పెట్టాడు. అది ధనంజయ దగ్గర నేర్చుకున్న గుర్రు. ఆ రోజు నుంచి ఆ ఒక్క మధ్యాహ్నపు నిద్రా పోయింది. తలకింద అమ్మ కొడవలి లేదు, పక్కన అమ్మ చెయ్యి లేదు. అయినా అన్ని మధ్యాహ్నాలూ ఆమె ఎదుట సుఖంగా నిద్రపోతున్నట్టు పడుకున్నాడు.

కండక్టరు విజిలేశాడు. ఆమె ఒళ్ళోంచి ఒక మూట తీసి కిటికీలోంచి అందించింది.

"బూరుగు దూదిరా. నా పాత చీరతో కుట్టినాను. ఇంక ఆ గోనె మీద తల పెట్టొద్దు."

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఏడుపొచ్చింది. గుండు కొట్టించుకుని చందనం పూసుకున్న యాత్రికుల మధ్య ఒక తాగుబోతు ఏడుస్తున్నాడని ఎవరూ పట్టించుకోలేదు.

కొట్టుకు తిరిగొచ్చేసరికి ఎండ అరుగు దాకా వచ్చింది. ధనంజయ లెక్కలు చూసుకుంటూ తలెత్తాడు.

"పొయ్యి కాసేపు నడుము వాల్చరాదా అప్పా? నువ్వు పండుకునే యాళ గదా."

"ఇప్పుడే లేసినాను అన్నా," అన్నాడు మునిరత్నం. సత్రంలో పెళ్ళివాళ్ళకు ఇవ్వాల్సిన దండల గంప తలకెత్తుకుని బయటికి నడిచాడు.

లోపల గోడ వారగా, అతను రోజూ పడుకునే చోట, తెచ్చి పెట్టిన నీలం చీర దిండు ఉంది. ఉబ్బెత్తుగా, మెత్తగా, ఎవరి తలా ఆనిన గుర్తు లేకుండా.