పెద్దమందడి బాట ఒత్తిగిల్లిన పూట

కొత్తకోటలో హైవే పక్కనే లక్ష్మణ్ మెకానిక్ షెడ్డు. పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లి, చాయ్ తాగి, ఏదో ఒక లారీ కిందికి దూరేవాడు. నలభై దాటినా పెళ్లి కాలేదు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లే తప్ప నిలిచేవాళ్లు లేని చోట బతుకు అట్లా గడిచిపోయింది.

ఒకరోజు రెండు సీట్ల ఎర్ర కారొకటి వచ్చి ఆగింది. ఎప్పుడో షూటింగువాళ్లు గద్వాలలో వదిలేసి పోయిన పాత స్పోర్ట్స్ కారు. నడుపుకుంటూ వచ్చింది రోహిణి, గద్వాలలో చీరలు నేసే మనిషి. తుక్కు కింద కొని, మగ్గం దిగిన ప్రతి సాయంత్రం దాన్ని బాగుచేసుకుంది.

తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ పోతోందని, గుంత తగిలితే మరీ గుంజుతోందని చెప్పింది. మొన్న లారీ కిందికి పోయేదేనట. ఈసారీ కుదరకుంటే మళ్లీ తుక్కుకే వేస్తానని తల్లి బాలనాగమ్మకు మాటిచ్చి వచ్చిందట.

లక్ష్మణ్ ముందు టైర్లలో గాలి చూశాడు. సరిగ్గానే ఉంది. ఆమెను స్టీరింగు కొద్దికొద్దిగా తిప్పమని తాను కిందికి దూరాడు. స్టీరింగు బాక్సు గట్టిగానే ఉంది. చక్రాన్ని తిప్పే రాడ్డు చివరి కీలు మాత్రం లొడలొడలాడుతోంది. సస్పెన్షన్‌లో రబ్బరు బుష్షులు చిట్లిపోయాయి. అవన్నీ మార్చాక, రోహిణి సంచిలోంచి పట్టుదారం తీసి వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగించి పట్టింది. ముందు చక్రాలు రెండూ బయటికి చూస్తున్నాయని ఇద్దరూ ఒకేసారి అన్నారు, నవ్వుకున్నారు. దారానికి ఆనేదాకా లక్ష్మణ్ వాటిని సరిచేశాడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. ఆ వేళ హైవే నుంచి చీలిపోయే పెద్దమందడి బాట నిద్రపోతుందని, నిద్రలో ఒత్తిగిల్లుతుందని అందరికీ తెలుసు. లారీలవాళ్లు పక్కకు ఆపి తామూ ఓ కునుకు తీస్తారు. అయినా బండి ఎట్లా పోతుందో చూడాలని ఇద్దరూ ఆ బాట మీదే బయల్దేరారు.

బాట మెల్లగా పక్కకు తిరిగింది. వేరుశనగ చేల మీద నడుము వాల్చి, ఖిల్లా ఘణపూర్ గుట్ట వైపు కాళ్లు చాపింది. అది ఎటు వంగితే కారు అటే, తొణకకుండా పోయింది. గుట్ట నీడలో బాటకు గాఢనిద్ర పట్టింది. ఇక అది లేచేదాకా ఆగాల్సిందే. అది ఊపిరి పీల్చినప్పుడల్లా కారు స్ప్రింగుల మీద మెత్తగా లేచి దిగుతోంది.

“మీకోసం ఇంట్ల పరేషాన్ అయితరేమో,” అంది రోహిణి.

“ఇంట్ల ఎవ్వరు లేరు. గిట్ల ఊకె కూసునుడు నాకు అలవాటు లేదు.”

“నాకు గూడ లేదు. మంచిగనే ఉంది గద.”

మగ్గం ముందు కూర్చున్నప్పుడు ఎప్పుడూ చూడని ఊళ్లు కళ్లలో మెదులుతాయని ఆమె చెప్పింది. లారీల కింద పడుకుని అవి పోయే ఊళ్ల పేర్లు వినడమే తప్ప ఎటూ పోలేదని అతను చెప్పాడు.

ఎండ తగ్గాక బాట మేలుకుంది. రోజూ కొత్తకోటకే మళ్లేది, ఆ రోజు మాత్రం గద్వాల నేతవాడకు పోయి రోహిణి వాకిట్లో ఆగింది. బాలనాగమ్మ గడపలోకి వచ్చి ముందు కారును, తర్వాత అతన్ని చూసింది.

“కాళ్లు కడుక్కో నాయినా, అన్నం తిందువు.”

తిరిగి పోయే బాట ఆ పూట అతనికి కనబడలేదు. అతనూ వెతకలేదు. తర్వాతెప్పుడో రోహిణితో కొత్తకోటకు పోయి, ఆ చిన్న కారులో పట్టినన్ని పానాలు, సుత్తెలు షెడ్డులోంచి గద్వాలకు తెచ్చుకున్నాడు.