దక్షిణపు గోడ

కోడిపిల్లల్లో సగం చచ్చిపోయిన రోజున సుబ్బరాయలు అన్నం కలుపుకుంటూ తీర్పు చెప్పాడు.

"ఆ యమ్మ చెయ్యి మంచిది కాదురా, పట్టాభీ."

ఆ యమ్మ చారు గిన్నె పట్టుకొని పక్కనే నిలబడి ఉంది. తమ్ముడి పెళ్లాంతో నేరుగా మాట్లాడకపోవడం సుబ్బరాయలు మర్యాద. ఆమెకు వినబడేలా మాట్లాడడం అలవాటు. అలివేలు చారు పోసింది. గిన్నె ఆయన నెత్తిన బోర్లించకపోవడం ఆమె మర్యాద.

అరియాంకుప్పంలో ఆ ఇంటి వెనక గొడ్ల కొట్టం, ఆవుల్ని అమ్మేశాక ఖాళీగా పడి ఉండేది. దాన్ని కోళ్ల షెడ్డు చేయాలన్నది అలివేలు ఆలోచన. గాడి పగలగొట్టించి, గుంతల నేలకు సిమెంటు పూయించి, ఊక పరిపించింది. చుట్టూ నడుమెత్తు గోడ, ఆ పైన గాలి కోసం తీగెవల. అంతా అయ్యాక సుబ్బరాయలు వచ్చి చూశాడు. దక్షిణం యముడి దిక్కని ఆ పక్క వల పీకించి, కప్పు దాకా ఇటుకలు కట్టించాడు. ఇంటికి పెద్ద. పట్టాభి తలూపాడు, అన్న ముందు ఆ తల ఇంకో రకంగా ఊగి ఎరగదు.

నడివేసవి కత్తిరి ఎండలొచ్చాయి. కొట్టం కుంపటైంది. కోడిపిల్లలు నోళ్లు తెరుచుకొని ఆ గోడ మొదట్లోనే గుట్టగా పడి చచ్చాయి. మిగిలినవాటిని అలివేలు బుట్టల్లో వంటింట్లోకి చేర్చింది.

"ఆ గోడ తీయించండి. ఇవన్నా బతుకుతాయి," అంది మొగుడితో.

"అన్నను అడగాల గదా."

"కట్టేటప్పుడు కోళ్లను అడిగినారా?"

మర్నాడు పట్టాభి ఆఫీసుకూ, సుబ్బరాయలు టౌన్లో తన బట్టల కొట్టుకూ బస్సెక్కగానే అలివేలు మేస్త్రి మునియన్‌ను పిలిపించింది.

మధ్యాహ్నం సుబ్బరాయలు వచ్చి, భోంచేసి, గదిలోకి వెళ్లాడు. దక్షిణపు కిటికీ కింద మంచం, ఆ గాలికి కునుకు: అది ఆయనకు రోజూ ఉండే భోగం. అంతలోనే చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు.

"పట్టాభీ! కిటికీ యాడరా?"

పట్టాభి లేడు. మింగలేక కక్కలేక, జీవితంలో మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"కిటికీని ఏం చేస్తివి, అలివేలూ?"

"ఇటికెలు పెట్టి మూయించినా, బావా. దక్షిణం గదా. కోళ్లకే యముడి బయముంటే, ఇంటికి పెద్దోరు మీకుండదా?"

"గాలాడక నేను చావాల్నా?"

"పావం, అవీ అదే అడిగినాయి. నోరు తెరుచుకోని అడిగినాయి."

ఆమె గొంతు పెరగలేదు. చేతిలో గడ్డపార మాత్రం సిద్ధంగా ఉంది. పెరట్లో మునియన్ అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

"పగలగొట్టించు!" అని అరిచాడు సుబ్బరాయలు.

"ఏ గోడ? మీ నోటితోనే చెప్పాల. ముందు ఏది?"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. 

"కొట్టందే కొట్టించు."

మునియన్ లేచి చెయ్యి చాచాడు. అలివేలు గడ్డపార ఇవ్వలేదు. కొంగు దోపుకొని కొట్టం గోడకు తానే మొదటి దెబ్బ వేసింది. "చెయ్యి మంచిది కాదంట!" రెండో దెబ్బకూ అదే మాట. గాలి లోపలికి దూసుకొచ్చినా ఆమె ఆగలేదు.

సాయంత్రం కోడిపిల్లలు కొట్టంలోకి వెళ్లాయి. కిటికీ సంగతి రేపు చూద్దామంది అలివేలు, మేస్త్రి అలసిపోయాడని. మధ్యాహ్నం నుంచి మునియన్ ఒక్క ఇటుకైనా ముట్టలేదు.